చైనా గోడ అంతరిక్షం నుంచి కనిపిస్తుందా? మీరే లెక్కేసి తేల్చుకోవడం ఎలా

చైనా గోడ చంద్రుడి మీద నుంచి కూడా కనిపిస్తుందట, మనిషి కట్టినవాటిలో అలా కనిపించేది అదొక్కటేనట. ఈ మాట వినని తెలుగువాళ్లు దొరకడం కష్టం. జీకే పుస్తకాల్లో బిట్‌గా ఉంటుంది, స్కూలు క్విజ్‌లో అడుగుతారు, టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు ఒకటికి రెండుసార్లు చెప్తారు. మాట మాత్రం తప్పు. చంద్రుడి మీద నుంచి ఆ ప్రశ్నే లేదు. భూమికి దగ్గరగా తిరిగే స్పేస్ స్టేషన్ నుంచి కూడా అది మామూలు కంటికి దొరకదు, ఎప్పుడైనా దొరికిందంటే ఎండ, గాలి, చూసే కోణం అన్నీ ఒకేసారి కలిసొచ్చి ఉండాలి.

అయితే "అలా కాదని సైంటిస్టులు చెప్పారు" అని రాసేసి నేను చేతులు దులుపుకుంటే ఇది కూడా ఇంకో ఫార్వర్డ్ మెసేజే అవుతుంది. ఒకరు కనిపిస్తుందన్నారు, ఇంకొకరు కనిపించదన్నారు, మధ్యలో మీరు ఎవరిని నమ్మాలి? ఎవర్నీ నమ్మక్కర్లేదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్, ఒక దారం రీలు, ఒక పాత గోనెసంచి, ఎక్కడానికి డాబా ఉంటే చాలు, మీరే తేల్చుకోవచ్చు. పైగా ఈ పద్ధతి ఒక్క చైనా గోడకే కాదు, "ఇది అంతరిక్షం నుంచి కనిపిస్తుంది" అని రేపు ఇంకేది వచ్చినా పనికొస్తుంది.

1. "అంతరిక్షం" అంటే ఎక్కడ? ముందు అది అడగండి

ఎవరైనా "మా ఇల్లు దూరం నుంచే కనిపిస్తుంది" అంటే ఎంత దూరం నుంచి అని అడుగుతాం కదా. అంతరిక్షం అనగానే ఎందుకో ఆ ప్రశ్న నోట్లోనే ఆగిపోతుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

మనం ఎక్కే విమానం 10, 11 కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. 100 కిలోమీటర్ల దగ్గర కార్మన్ రేఖ అని ఒక గీత అనుకున్నారు, అక్కడి నుంచి అంతరిక్షం అని చాలామంది ఒప్పుకుంటారు, అమెరికాలో మాత్రం 80 కిలోమీటర్లు దాటితే చాలంటారు. ఆంధ్రలో పుట్టి అమెరికాలో పెరిగిన శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్లొచ్చింది దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు. తెలంగాణ మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా ఉన్న ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ అయితే 400 కిలోమీటర్ల పైన తిరుగుతుంది. మన డిష్‌లకు టీవీ సిగ్నల్ పంపే ఉపగ్రహాలు సుమారు 36 వేల కిలోమీటర్ల దగ్గర ఉంటాయి. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్లు.

స్పేస్ స్టేషన్‌కీ చంద్రుడికీ దూరంలో తేడా 960 రెట్లు. ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేసి "అంతరిక్షం నుంచి" అంటున్నారు. కాబట్టి మొదటి పని, చెప్పినాయన్ని ఎత్తు అడగండి. "ఏమో, పైనుంచి" అంటే మీరే రెండు ఎత్తులు పెట్టుకోండి: 400 కిలోమీటర్లు, చంద్రుడు. ఈ రెండింటికీ లెక్క కడితే చాలు.

2. పొడవు పక్కన పెట్టండి, వెడల్పు కనుక్కోండి

"అన్ని వేల కిలోమీటర్ల గోడ కనిపించకపోవడమేంటి?" ఈ కథ ఇంతకాలం బతికిందంటే ఈ వాదం వల్లే. పొడవు చూస్తే నిజంగానే కళ్లు తిరుగుతాయి. మింగ్ రాజవంశం కాలంలో కట్టిన గోడ ఒక్కటే 8,850 కిలోమీటర్లని చైనావాళ్లు 2009లో సర్వే చేసి ప్రకటించారు. అందులో కందకాలు పోను, కొండలూ నదులూ లాంటి సహజమైన అడ్డంకులు పోను, నిజంగా కట్టిన గోడ 6,260 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అన్ని రాజవంశాలవీ కలిపి 2012లో చెప్పిన లెక్క 21 వేల కిలోమీటర్ల పైమాటే.

కానీ వెడల్పు? బీజింగ్ దగ్గర టూరిస్టులు నడిచే బాదాలింగ్ లాంటి చోట్ల పైన 5 మీటర్లు, అడుగున 6, 7 మీటర్లు. ఎత్తు 7, 8 మీటర్లు. మనం ఫొటోల్లో చూసేదంతా బాగుచేసి, చక్కగా రాళ్లు పేర్చిన ఈ ముక్కలే. పడమటికి పోతే చాలా చోట్ల అది మట్టిని దిమ్మిసా చేసి కట్టిన గోడ, గాలికీ వానకీ కరిగి గట్టులా మిగిలింది. అంటే మన ఊళ్లో రెండు లారీలు పక్కపక్కన పట్టే రోడ్డు ఎంతో, మంచి స్థితిలో ఉన్న చైనా గోడ అంతే.

ఇప్పుడు ఆ వాదాన్నే తిప్పి అడగండి. అదే వెడల్పున్న తారురోడ్లు ప్రపంచమంతా లక్షల కిలోమీటర్లున్నాయి, అవన్నీ కనిపించకుండా ఇదొక్కటే ఎలా కనిపిస్తుంది?

3. ఒక్క భాగహారం

చూపు బాగున్న మనిషి కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం సుమారు డిగ్రీలో 60వ వంతు. ఇది కోణం కాబట్టి దూరం పెరిగేకొద్దీ వస్తువు కూడా అంతే పెద్దదవ్వాలి. ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: దూరాన్ని 3,400తో భాగించండి. వచ్చినదానికన్నా చిన్న వస్తువు ఆకారం మీ కంటికి తెలియదు.

నోటి లెక్క కావాలంటే ఇంకా తేలిక. ప్రతి 10 కిలోమీటర్లకు 3 మీటర్లు.

విమానంలో 10 కిలోమీటర్ల పైన ఉన్నారు, 3 మీటర్లు. అందుకే బస్సులూ లారీలూ కదిలే చుక్కల్లా తెలుస్తాయి, మనుషులు తెలియరు. శిరీష బండ్ల వెళ్లిన 86 కిలోమీటర్ల దగ్గర సుమారు 25 మీటర్లు. స్పేస్ స్టేషన్ దగ్గర 115 నుంచి 120 మీటర్లు. 36 వేల కిలోమీటర్ల దగ్గర 10 కిలోమీటర్లు దాటుతుంది. చంద్రుడి దగ్గర కొడితే 113 కిలోమీటర్లు వస్తుంది, మీటర్లు కాదు.

చంద్రుడి మీద నిలబడి చైనా గోడను చూడాలంటే ఆ గోడ వంద కిలోమీటర్ల పైచిలుకు వెడల్పుండాలన్నమాట. ఇక్కడితో చంద్రుడి కథ అయిపోయింది, ఇంకేమీ అక్కర్లేదు. 1969లో అపోలో 12లో చంద్రుడి మీదికి వెళ్లిన అలన్ బీన్ కూడా ఇదే చెప్పాడు. అక్కడి నుంచి కనిపించేది అందమైన గోళం, ఎక్కువ తెలుపు, కొంత నీలం, ఎడారుల పసుపు మచ్చలు, అక్కడక్కడా కాస్త పచ్చదనం, అంతే, మనిషి కట్టింది ఏదీ ఆ దూరానికి కనిపించదని.

స్పేస్ స్టేషన్ సంగతి మాత్రం ఇంత తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. 6 మీటర్లు ఎక్కడ, 115 ఎక్కడ అని నవ్వేసి వదిలేస్తే తెలిసినవాడు ఎవడో ఒకడు మిమ్మల్ని పట్టుకుంటాడు. ఎందుకంటే గీతల విషయంలో కన్ను ఈ రూలు పాటించదు.

4. దారంతో పరీక్ష (ఇది మాత్రం చేసి చూడండి, చదివి వదిలేయకండి)

కరెంటు తీగ వేలెడు మందం కూడా ఉండదు. అయినా ఆకాశం తెల్లగా ఉంటే చాలా దూరం నుంచి నల్లటి గీతలా తెలుస్తుంది. మన 3,400 లెక్క ప్రకారం అసలు తెలియకూడదు. అయినా తెలుస్తోందంటే కారణం అది పొడవుగా ఉండటం, వెనక ఉన్నదానికీ దానికీ రంగులో బాగా తేడా ఉండటం. వెడల్పు చాలకపోయినా, తేడా గట్టిగా ఉంటే పొడవాటి గీతను కన్ను పసిగడుతుంది. కాబట్టి "పొడవు పక్కన పెట్టండి" అని నేను పైన కాస్త కఠినంగానే అన్నాను, పనికొస్తుంది, కానీ రంగు తోడుంటేనే.

చైనా గోడకు ఆ తోడు ఉందా? చూద్దాం.

కుట్టుమిషన్ దారం రెండు రంగులవి తీసుకోండి, ఒకటి నలుపు, ఇంకోటి గోనెసంచి రంగుకు వీలైనంత దగ్గరగా ఉన్నది. ముందు దారం మందం కొలవాలి. స్కేలుతో నేరుగా కొలవలేరు కాబట్టి పెన్సిల్‌కి సందు లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే చుట్టుకుంటూ పోండి, సెంటీమీటరు నిండడానికి ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. 40 చుట్లు పడితే దారం పావు మిల్లీమీటరు. 30 పడితే మూడో వంతు. చుట్టేటప్పుడు దారం లాగి పట్టుకోకపోతే చుట్లు వదులై లెక్క తప్పుతుంది, గోటితో నెట్టుకుంటూ దగ్గరికి జరపండి.

400 కిలోమీటర్ల నుంచి 6 మీటర్ల గోడ ఎంత సన్నగా ఉంటుందో, మీ దారం అంత సన్నగా ఎంత దూరం నుంచి ఉంటుందో తెలుసుకోవడానికి మిల్లీమీటర్లలో వచ్చిన మందాన్ని 67తో గుణించండి, మీటర్లు వస్తాయి. పావు మిల్లీమీటరు దారానికి దాదాపు 17 మీటర్లు. చిన్న అపార్ట్‌మెంట్ కారిడార్ అంత.

ఇప్పుడు నల్లదారాన్ని ఎండ తగిలే తెల్లగోడకు మీటరు పొడవున బిగుతుగా టేపు వేసి అంటించండి. వెనక్కి నడుస్తూ చూడండి. చాలా దూరం దాకా సన్నటి గీత తెలుస్తూనే ఉంటుంది, చూపు చురుకైనవాళ్లకు 17 మీటర్ల దగ్గర కూడా లీలగా తెలియొచ్చు. తర్వాత గోనెసంచిని పరిచినట్టు గోడకు వేలాడదీసి, దాని మీద ఆ సంచి రంగు దారాన్ని తిన్నగా కాకుండా వంకరటింకరగా అంటించండి. వెనక్కి నడవండి. కొన్ని అడుగులు వేసేసరికే దారం సంచిలో కలిసిపోతుంది. దారం ఎక్కడుందో మీకు తెలుసు కాబట్టి కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది, అందుకని దాన్ని అంటించడం చూడని ఇంట్లో మనిషిని పిలిచి "ఇందులో ఏముందో చెప్పు" అని అడగండి. అసలు పరీక్ష అదే.

చైనా గోడ పరిస్థితి రెండో దారానిది. ఆ కొండల్లో దొరికిన రాయితో, ఆ నేల మట్టితోనే కట్టారు, అదే రంగు. తిన్నగా కూడా పోదు, కొండ శిఖరాల వెంట మెలికలు తిరుగుతుంది. చుట్టూ పొదలు. ఆపైన మధ్యలో గాలి, దుమ్ము, మబ్బు. రోడ్లు కొన్నిసార్లు పైనుంచి తెలుస్తాయంటే అవి నేల రంగును చీల్చుకుంటూ తిన్నగా పోతాయి కాబట్టి.

ఇదే దారాన్ని చంద్రుడి లెక్కకు చూడాలనుకుంటే 16 కిలోమీటర్ల దూరం వెళ్లి నిలబడాలి. వెళ్లి రండి, నేను ఇక్కడే ఉంటా.

మరి గోడ ఎప్పుడూ, ఎవరికీ కనిపించే వీల్లేదా అంటే అంత మాట నేననను. పొద్దున్నో సాయంత్రమో సూర్యుడు దిగువన ఉన్నప్పుడు నీడ సాగుతుంది. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తులో ఉంటే 7 మీటర్ల గోడ నీడ చదునైన నేల మీద 40 మీటర్ల దాకా పడుతుంది. సన్నగా మంచు కురిసి నేల తెల్లబడి గోడ నల్లగా మిగిలినా అంతే. అలాంటప్పుడు, గాలి శుభ్రంగా ఉండి, సరిగ్గా ఎక్కడ చూడాలో ముందే తెలిసి, తక్కువ ఎత్తులో పోతుంటే ఒక ముక్క చిక్కొచ్చు. అది వేరు, "చంద్రుడి నుంచి కనిపించే ఏకైక నిర్మాణం" వేరు.

5. డాబా ఎక్కి అటునుంచి ఇటు కాకుండా ఇటునుంచి అటు చూడండి

మనం వాళ్లకు ఎలా కనిపిస్తామో తెలియాలంటే వాళ్లు మనకు ఎలా కనిపిస్తున్నారో చూస్తే సరి. దూరం ఎటునుంచైనా ఒకటే.

స్పేస్ స్టేషన్ ఆ చివర నుంచి ఈ చివర దాకా 109 మీటర్లు. మన ఊళ్ల మీదుగా అది తరచూ పోతూనే ఉంటుంది. నాసావాళ్ల "స్పాట్ ద స్టేషన్" యాప్‌లో మీ ఊరు పెడితే ఏ రోజు, ఎన్నింటికి, ఏ దిక్కున మొదలై ఏ దిక్కుకు పోతుందో చెప్తుంది. సాయంత్రం చీకటిపడ్డాక కాసేపు, లేదా తెల్లవారకముందు కాసేపు మాత్రమే కనిపిస్తుంది, ఎందుకంటే మనం చీకట్లో ఉండాలి, దాని మీద మాత్రం ఎండ పడుతూ ఉండాలి. నెత్తిమీదికి వచ్చే రోజు ఎంచుకోండి, వాలుగా పోయేరోజు అది ఇంకా చాలా దూరంలో ఉంటుంది. విమానంలా లైట్లు మిణుకుమనవు, చప్పుడు ఉండదు, నిలకడగా వెలుగుతూ కొన్ని నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది.

చూస్తే ఏం కనిపిస్తుంది? ధగధగలాడే చుక్క. ఆ రెక్కలు, మధ్యలో గొట్టాలు, ఏమీ తెలియవు. 109 మీటర్ల వస్తువు, ఎండలో మెరుస్తూ, నల్లటి ఆకాశం ముందు, అంతకన్నా మంచి అవకాశం ఉండదు, అయినా మన కంటికి ఆకారం లేని చుక్క. మూడో మెట్టులో చెప్పిన 115 మీటర్ల లెక్క గుర్తుందిగా. అక్కడి కిటికీలోంచి కిందికి చూసేవాడికి మట్టిరంగు కొండల మధ్య మట్టిరంగు గోడ, 6 మీటర్లది. మీరే చెప్పండి.

అదే డాబా మీద చంద్రుణ్ణి కూడా చూడండి, పున్నమి దగ్గరైతే మంచిది. అక్కడ కోపర్నికస్ అని ఒక పెద్ద గుంత ఉంది, 93 కిలోమీటర్ల వెడల్పు. బైనాక్యులర్స్ లేకుండా అది గుంత అని మీకు తెలియదు, మహా అయితే అక్కడేదో తెల్లటి మచ్చ ఉన్నట్టు అనిపిస్తుంది. కుందేలు అని మనం చూపించే నల్ల మచ్చలు వందల కిలోమీటర్ల మైదానాలు. అంతంత ఉంటేనే మనకు కనిపిస్తున్నాయి.

6. "చూశాను" అన్నవాళ్లను ఏం అడగాలి

ఇక్కడ కాస్త ఓపిక కావాలి, ఎందుకంటే వ్యోమగాములే రెండు రకాలుగా మాట్లాడారు.

2003 అక్టోబరులో చైనా తన మొదటి వ్యోమగామి యాంగ్ లివేని షెంజౌ 5లో పంపింది. ఆయన దిగాక అందరూ అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. దృశ్యం చాలా బాగుంది గానీ గోడ కనిపించలేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడి బడి పుస్తకాల్లో అప్పటికి గోడ కనిపిస్తుందనే ఉంది, దాంతో ఆ పాఠం మార్చాలా వద్దా అని పెద్ద చర్చే నడిచింది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో బరువైన సాక్ష్యం ఇదే. కనిపించిందని చెప్పడానికి ఎవరికన్నా ఎక్కువ కారణం ఉన్నవాడు కనిపించలేదన్నాడు.

ఇటు అమెరికాలో చంద్రుడి దాకా వెళ్లొచ్చిన యూజీన్ సెర్నన్ మాత్రం 160 నుంచి 320 కిలోమీటర్ల ఎత్తులో గోడ మామూలు కంటికే కనిపిస్తుందన్నాడు. ఆయన ఎత్తు చెప్పాడు, గమనించండి, చంద్రుడి నుంచి అనలేదు. 160 కిలోమీటర్ల దగ్గరైతే మన దారం 17 మీటర్ల నుంచి 7 మీటర్లలోపుకి వచ్చేస్తుంది. నీడ, మంచు కలిసొస్తే అది కుదరని పనేం కాదు.

ఎవరైనా చూశామంటే వరసగా మూడు అడగండి. ఎంత ఎత్తు నుంచి? కంటితోనా, లెన్సుతోనా? చూసింది గోడేనని తర్వాత ఎవరైనా మ్యాపుతో పోల్చి తేల్చారా?

మూడోది చాలా ముఖ్యం. 1970లలో స్కైల్యాబ్ అనే అమెరికా స్పేస్ స్టేషన్‌లో ఉన్న విలియం పోగ్ గోడను చూశానని అనుకున్నాడు, తీరా చూస్తే అది బీజింగ్ దగ్గరి గ్రాండ్ కెనాల్, కాలువ. ఆ తర్వాత బైనాక్యులర్స్ పెట్టి వెతికితే గోడ దొరికింది, ఉత్త కంటికి దొరకలేదు. 2004లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇంకో మెట్టు ఎక్కి, 600 కిలోమీటర్ల నుంచి ప్రోబా ఉపగ్రహం తీసిన ఫొటో పెట్టి ఇదిగో చైనా గోడ అంది. కొద్ది రోజులకే అది గోడ కాదు, నది అని తేలింది. అన్ని పరికరాలున్న సంస్థే పప్పులో కాలేసిందంటే, ఫోన్లో వచ్చిన ఫొటో మీద ఎర్ర బాణం గుర్తు చూసి మనం నమ్మేయడం ఎంతవరకు సబబు?

అదే ఏడాది నవంబరు 24న స్పేస్ స్టేషన్ నుంచి అమెరికా వ్యోమగామి లెరాయ్ చావో తీసిన ఫొటోలో గోడ నిజంగానే ఉంది. బీజింగ్‌కు ఉత్తరాన ఇన్నర్ మంగోలియాలో, 320 కిలోమీటర్ల అవతల. కాకపోతే 180 మిల్లీమీటర్ల లెన్సుతో తీశాడు, తాను గోడను చూశానో లేదో తనకే ఖాయంగా తెలియదన్నాడు, ఫొటోను తర్వాత పరీక్షించినవాళ్లు తేల్చారు. కెమెరా చూడటం వేరు, కన్ను చూడటం వేరు. మన ఇస్రో 2019లో పంపిన కార్టోశాట్-3 సుమారు 500 కిలోమీటర్ల పైనుంచి 30 సెంటీమీటర్ల లోపు వివరం పట్టుకోగలదు. ఆ లెక్కన మీ ఇంటి మీది వాటర్ ట్యాంకు కూడా "అంతరిక్షం నుంచి కనిపిస్తుంది". గూగుల్ మ్యాప్స్‌లో గోడ చూపించి వాదించేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ఉంటే ఒక సరదా పని చేయండి. బీజింగ్ దగ్గరి జిన్‌షాన్‌లింగ్ అనే చోట గోడను దగ్గరగా పట్టుకుని, మెల్లగా వెనక్కి పోతూ కింద మూలలో కనిపించే ఎత్తు అంకె 400 కిలోమీటర్లకు వచ్చేదాకా పోండి. స్క్రీన్ మీది చుక్కలు కంటికన్నా ముతక కాబట్టి దీన్ని రుజువు అనుకోవద్దు, కానీ గోడ ఎంత తొందరగా మాయమవుతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

7. మాట ఎప్పుడు పుట్టిందో చూడండి

ఇది చిన్న మెట్టే. ఏ కథకైనా పుట్టిన తేదీ వెతకండి. మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లింది 1961 ఏప్రిల్ 12న, యూరీ గగారిన్. చంద్రుడి నుంచి చైనా గోడ కనిపించవచ్చని ఇంగ్లండులో విలియం స్టూక్లీ అనే పురాతత్వవేత్త ఉత్తరం రాసింది 1754లో. 1895 నాటికి హెన్రీ నార్మన్ అనే జర్నలిస్టు దాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు, 1930లలో అమెరికా పత్రికల్లో వింతలూ విశేషాల శీర్షికలో వచ్చింది. వెళ్లి చూసినవాడు ఒక్కడూ లేని రోజుల్లోనే అందరికీ కనిపించేసింది. అప్పట్లో టెలిస్కోపులో అంగారకుడి మీద కాలువలు కనిపిస్తున్నాయని గట్టిగా నమ్మేవాళ్లు, అక్కడి కాలువలు మనకు కనిపిస్తే మన గోడ వాళ్లకు కనిపించదా అనుకుని ఉంటారు. ఆ కాలువలు కూడా లేవని తర్వాత తేలింది, అది వేరే కథ.

8. రాత్రి ఫొటో అయితే లెక్క మార్చండి

రాత్రిపూట మాత్రం 3,400 రూలు పక్కన పెట్టేయాలి. నక్షత్రం కోణం లెక్కలో చూస్తే ఎంత చిన్నదో చెప్పలేం, అయినా కనిపిస్తుంది, ఎందుకంటే వెలుగుతుంది. కాబట్టి రాత్రి అడగాల్సింది వెడల్పు కాదు, ఎంత వెలుతురు, ఎంతసేపు అని. నగరాల లైట్లు స్పేస్ స్టేషన్ నుంచి బ్రహ్మాండంగా కనిపిస్తాయి. భారత్, పాకిస్తాన్ సరిహద్దు కంచె వెంట వేసిన ఫ్లడ్‌లైట్లు నారింజరంగు గీతలా వ్యోమగాములు తీసిన ఫొటోల్లో ఉన్నాయి. "మనిషి చేసినవాటిలో కనిపించేది గోడ ఒక్కటే" అన్న రెండో సగం కూడా ఇక్కడితో పోయింది. పగలు చూసినా స్పెయిన్‌లో అల్మేరియా దగ్గర దాదాపు 300 చదరపు కిలోమీటర్ల మేర పరిచిన తెల్లటి ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు పొలానికి పాలు పోసినట్టు తెలుస్తాయి.

ఇప్పుడు మన సొంత ఫార్వర్డ్ సంగతి. ప్రతి దీపావళికీ తప్పకుండా వచ్చేది: భారతదేశం పటం మీద తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులు, కింద "దీపావళి రాత్రి నాసా తీసిన ఫొటో". అది ఏ ఒక్క రాత్రి తీసినదీ కాదు. అమెరికా వాతావరణ ఉపగ్రహాలు ఏళ్ల తరబడి పంపిన సమాచారం కలిపి, ఊళ్లు ఎలా పెరిగాయో చూపించడానికి నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ రంగులు వేసి తయారుచేసిన పటం. తెలుపు అంటే 1992కు ముందే ఉన్న లైట్లు, నీలం 1992లో కనిపించినవి, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో. అంటే ఆ ఎరుపు మీ వీధి టపాసులు కాదు, కొత్తగా కరెంటొచ్చిన కాలనీలు.

నిజమైన దీపావళి సమయపు చిత్రం నాసా 2012లో పెట్టింది, నవంబరు 12 రాత్రి తీసినది. మామూలు రోజుకీ దానికీ తేడా పట్టుకోలేరు. పండగ రోజు అదనంగా వచ్చే వెలుతురు, రోజూ వెలిగే వీధిలైట్ల ముందు అంత తక్కువ.

ఇలాంటి ఫొటో వస్తే చేయాల్సింది: ఫొటో మీద నొక్కిపట్టి గూగుల్ లెన్స్‌లో వెతకండి, వచ్చినవాటిలో నాసా ఎర్త్ అబ్జర్వేటరీ పేజీ ఉంటే అదే తెరవండి, ఫొటో కింద రాసింది చదవండి. తీసిన తేదీ, ఉపగ్రహం పేరు, రంగులు అసలైనవా వేసినవా అన్నది అక్కడ ఉంటుంది. తేదీ లేని అంతరిక్షం ఫొటో ఏదైనా సరే, తేదీ దొరికేదాకా ఎవరికీ పంపకండి.

9. మన ఊళ్ల మీద చెయ్యి తిప్పుకుని, ఆ తర్వాత జవాబివ్వండి

స్పేస్ స్టేషన్ ఎత్తు పెట్టుకుని నాలుగైదు లెక్కలు చేస్తే అలవాటైపోతుంది. చార్మినార్ ఒక్కో వైపు 20 మీటర్లు, కనిపించదు. హుస్సేన్ సాగర్ కిలోమీటర్లలో ఉంది, ఎక్కడుందో తెలిసి వెతికితే నల్లటి మచ్చలా దొరుకుతుంది. నాగార్జున సాగర్ జలాశయం, పులికాట్ సరస్సు, సముద్రంలోకి పచ్చగా చొచ్చుకుపోయిన కృష్ణా గోదావరి డెల్టాలు, వీటికి లెక్కే అక్కర్లేదు. శంషాబాద్ రన్‌వే 4 కిలోమీటర్ల పైన పొడవు, 60 మీటర్ల వెడల్పు. ఇది సరదా కేసు, వెడల్పు చాలదు, కానీ తిన్నగా ఉంది, పక్కనున్న నేలతో రంగు తేడా ఉంది, నాలుగో మెట్టులోని నల్లదారం లాంటిది. ప్రకాశం బ్యారేజీ పొడవు కిలోమీటరు దాటుతుంది, దాని వెడల్పు మీరు కనుక్కుని తేల్చండి, నీళ్ల మీద కాంక్రీటు రంగు ఎలా ఉంటుందో కూడా లెక్కలో వేసుకోండి.

ఇక ఫ్యామిలీ గ్రూపులో పెద్దవాళ్లెవరైనా గోడ మెసేజ్ పెడితే పేజీలకు పేజీలు రాసి వాళ్లను చిన్నబుచ్చకండి, ఎవరూ చదవరు కూడా. ఇంత చాలు, కాపీ చేసుకోండి: "బాబాయ్, గోడ పొడవు వేల కిలోమీటర్లే గానీ వెడల్పు 6 మీటర్లేనట. స్పేస్ స్టేషన్ 400 కిలోమీటర్ల పైన, చంద్రుడు 3,84,400. చైనా వ్యోమగామి యాంగ్ లివేనే 2003లో తనకు కనిపించలేదన్నాడు. ఈ వారం స్పేస్ స్టేషన్ మన మీదుగా పోతుందేమో యాప్‌లో చూసి చెప్తా, డాబా మీదికి రండి, అది మనకెంత కనిపిస్తుందో చూద్దాం."